ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3: హైదరాబాదు ఎండల్లో ఓవర్‌క్లాకింగ్‌కు ఎంతవరకు పనికొస్తుంది?

ప్రాసెసరును ద్రవంతో చల్లబరిచే కూలర్లకు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. అవి వేడిని గొట్టాల గుండా క్యాబినెట్ అంచు దాకా మోసుకుపోయి అక్కడి రేడియేటరులో వదిలేస్తాయి కాబట్టి, ప్రాసెసరు చుట్టూ మదర్‌బోర్డు మీద గాలి ఆడదు. ఓవర్‌క్లాకింగ్‌కు, అంటే నిర్ణీత వేగాన్ని మించి నడపడానికి, వీలులేని ప్రాసెసర్లతో పాటు పెట్టెలో వచ్చే మామూలు ఇంటెల్ కూలరు, అది ఎంత అల్పమైనదైనా, పైనుంచి కిందికి గాలి కొడుతూ సాకెట్ పక్కనున్న మాస్‌ఫెట్లనూ చోక్‌లనూ కెపాసిటర్లనూ కాస్తయినా చల్లబరుస్తుంది. ద్రవ కూలరు బిగించినవారు తెర మీద ప్రాసెసరు ఉష్ణోగ్రత తగ్గడం చూసి సంతృప్తి పడతారే గాని, ఈ భాగాలతో కూడి ప్రాసెసరుకు విద్యుత్తును అందించే వీఆర్ఎం అనే విభాగం మునుపటికన్నా ఎక్కువగా కాగుతున్న సంగతిని గమనించేవారు తక్కువ. 2024లో వచ్చిన ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3లో ఇందుకోసమే పంపు మీద 60 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాను ఒకటి అమర్చారు. ప్రాసెసరును ఈ కూలరు బాగా చల్లబరుస్తుందనడంలో వివాదమేమీ లేదు. ఆ చిన్న ఫ్యాను నిజంగా ఉపయోగపడుతుందా, లేక అలంకారమా అన్నదే నేను పరిశీలించదలచిన విషయం.

నేను వాడినది 280 మిల్లీమీటర్ల రకం. దాన్ని కోర్ ఐ5-12600కె ప్రాసెసరు మీద, జెడ్690 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డుల్లో తక్కువ ధర శ్రేణికి చెందిన ఒక బోర్డులో బిగించాను. ఆ బోర్డు వీఆర్ఎం మీది హీట్‌సింకులు చూపుకు పెద్దవే అయినా, పైనున్న ప్లాస్టిక్ తొడుగును తీసి చూస్తే లోపలి లోహం కొంచెమే ఉంటుంది. కంప్యూటరు ఉన్న గదిలో ఏసీ లేదు, కిటికీకి బిగించిన నీళ్ల కూలరే ఆధారం. నగరంలో ఎక్కువ ఇళ్ల పరిస్థితి ఇదే కాబట్టి, విదేశీ సమీక్షకులు 21, 22 డిగ్రీల గదుల్లో తీసిన లెక్కలు మనకు పెద్దగా పనికిరావు.

12600కెలో ఆరు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు ఉంటాయి. పెద్ద కోర్లన్నీ ఒకేసారి పనిచేస్తున్నప్పుడు మామూలు సెట్టింగుల్లో అవి 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగుతాయి. వాటిని 5 గిగాహెర్ట్జ్‌కు తీసుకుపోతే వేగం 11 శాతం పెరుగుతుంది గాని, వోల్టేజీని కూడా పెంచక తప్పదు కనుక విద్యుత్ వినియోగం అంతకన్నా చాలా ఎక్కువ నిష్పత్తిలో పెరుగుతుంది. ఎందుకంటే అది వేగంతో పాటు వోల్టేజీ వర్గానికి కూడా అనులోమంగా ఉంటుంది. పూర్తి భారం మీద ప్రాసెసరు 180 వాట్లు తీసుకుంటున్నదనీ, కోర్ వోల్టేజీ 1.28 దగ్గర ఉన్నదనీ అనుకుంటే, వీఆర్ఎం సరఫరా చేయవలసిన కరెంటు దాదాపు 140 ఆంపియర్లు. వీఆర్ఎం సామర్థ్యం 90 శాతమని లెక్కవేసినా, దానిలోనే 20 వాట్లు వేడిగా మారుతాయి. గోరంత మాస్‌ఫెట్లు కొన్నింటి మీద పడే 20 వాట్లంటే చిన్న విషయం కాదు. పైగా వాటి నిరోధం వల్ల పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది: కరెంటు మూడో వంతు పెరిగితే ఆ వేడి దాదాపు 78 శాతం పెరుగుతుంది. మాస్‌ఫెట్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం కూడా పెరుగుతుంది గనుక, వేడి మరింత వేడికి కారణమవుతుంది.

దీని ఫలితం వాడుకరికి కనిపించే తీరు కొంత అయోమయంగా ఉంటుంది. వీఆర్ఎం హద్దు మీరి కాగడం వల్ల, ప్రాసెసరు ఉష్ణోగ్రత 80 దాటకుండానే వేగం హఠాత్తుగా పడిపోతుంది, కొద్ది సేపటికి మళ్లీ లేస్తుంది. ప్రాసెసరుకూ కూలరుకూ మధ్య రాసే పేస్ట్ సరిగా పడలేదేమోనని మళ్లీ విప్పి రాసేవారు కూడా ఉన్నారు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేరులో వేగం తగ్గడానికి గల కారణాల పట్టికను చూస్తే, అందులో వీఆర్ థర్మల్ అలర్ట్ అనే అంశం ఉంటుంది. అక్కడ ‘అవును’ అని కనిపిస్తే, చల్లబరచవలసింది ప్రాసెసరును కాదు, దాని పక్కనున్న భాగాలను. ఓవర్‌క్లాకింగ్ చేసేవారు ప్రాసెసరు ఉష్ణోగ్రత కన్నా ముందు చూడవలసిన వరుస ఇదే అని నా అభిప్రాయం.

బిగింపు విషయానికి వస్తే, ఈ కూలరు ఇతర కూలర్ల వంటిది కాదు. ఎల్‌జీఏ1700 సాకెట్‌లో ప్రాసెసరును పట్టి ఉంచే లోహపు చట్రం మధ్యభాగంలో మాత్రమే నొక్కడం వల్ల ప్రాసెసరు పైకప్పు కొద్దిగా వంగి, కూలరు అడుగుభాగం దానికి పూర్తిగా ఆనదు. లిక్విడ్ ఫ్రీజర్ 3 బిగించాలంటే ఆ చట్రాన్ని విప్పేసి, పెట్టెలో ఇచ్చిన కాంటాక్ట్ ఫ్రేమును దాని స్థానంలో పెట్టవలసిందే. వద్దనుకునే వీలు లేదు. మొదటిసారి కంప్యూటరు కూర్చుకునేవారికి ఇది భయం కలిగించే పని. చట్రం విప్పిన తర్వాత సాకెట్ పిన్నులకు రక్షణ ఏదీ ఉండదు కాబట్టి ప్రాసెసరును కదపకుండా ఉంచి, నాలుగు స్క్రూలనూ ఎదురెదురు మూలల వరుసలో కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకే మూలను పూర్తిగా బిగించి తర్వాతిదానికి వెళితే పిన్నుల మీద ఒత్తిడి అసమానంగా పడి, ర్యామ్ చానళ్లలో ఒకటి కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది. తోడుగా ఇచ్చిన ఎంఎక్స్-6 పేస్ట్ 0.8 గ్రాములు మాత్రమే. ఒకసారికి నిక్షేపంగా సరిపోతుంది. ఇంటెల్‌లో ఎల్‌జీఏ1700, 1851 సాకెట్లకు మాత్రమే ఇది సరిపోతుందనీ, ఏఎండీలో ఏఎం4, ఏఎం5లకు సరిపోతుందనీ పాత కంప్యూటర్లున్నవారు గమనించాలి. పదో, పదకొండో తరం ఇంటెల్ ప్రాసెసర్లకు ఇది పెట్టలేరు.

అసలు ఇబ్బంది క్యాబినెట్‌తో వస్తుంది. చాలా ద్రవ కూలర్ల రేడియేటరు మందం 27 మిల్లీమీటర్లయితే దీనిది 38. దానికి 27 మిల్లీమీటర్ల ఫ్యాను కలిస్తే మొత్తం 65 మిల్లీమీటర్లు. పైకప్పుకు 280 రేడియేటరు పడుతుందని క్యాబినెట్ పెట్టె మీద రాసి ఉన్నా, ఆ రాత పలుచని రేడియేటర్లను దృష్టిలో పెట్టుకుని రాసినదై ఉండవచ్చు. ఎత్తైన ర్యామ్ గానీ, పైకి పొడుచుకు వచ్చిన వీఆర్ఎం హీట్‌సింకు గానీ ఉన్నప్పుడు రెండూ ఢీకొంటాయి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అనే చోట, క్యాబినెట్లను విప్పి చూపించమని అడిగి పైకప్పుకూ బోర్డు అంచుకూ మధ్య దూరాన్ని టేపుతో కొలిచే సౌలభ్యం ఉంది. ఆన్‌లైన్‌లో కొంత చవకగా దొరికినా, ఈ ఒక్క కారణానికి క్యాబినెట్ మాత్రం నేరుగా చూసి కొనడమే మేలని నాకు తోస్తుంది. ముందు భాగమంతా అద్దంతో మూసిన క్యాబినెట్లు ఇప్పుడు ఎక్కువగా అమ్ముతున్నారు; మన ఎండలకు అవి ఏమాత్రం తగినవి కావు. జాలీ ముఖమున్నదాన్నే ఎంచుకోవాలి.

ప్రాసెసరు విషయంలో దీని పనితీరు గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. డిసెంబరు రాత్రుల్లో ప్రాసెసరు మీద పూర్తి భారం వేసి పరీక్షించే సినీబెంచ్ ఆర్23ని అరగంట సేపు నడిపితే 5 గిగాహెర్ట్జ్ దగ్గర ప్రాసెసరు 75 డిగ్రీల దరిదాపుల్లో నిలిచేది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, గదిలోనే 36 డిగ్రీలున్న మధ్యాహ్నం, అదే సెట్టింగు 87, 88 చూపింది. ఇందులో కూలరు తప్పేమీ లేదు. ఏ రేడియేటరైనా గది గాలి కన్నా కిందికి ద్రవాన్ని చల్లబరచలేదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసరు కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. ఇంటెల్ ఈ ప్రాసెసరుకు విధించిన హద్దు 100 డిగ్రీలు కాబట్టి అవకాశం ఇంకా మిగిలే ఉన్నది. అయితే వేడి పెరిగేకొద్దీ ప్రాసెసరులో వృథాగా కారిపోయే కరెంటు కూడా పెరగడం వల్ల, చలికాలంలో అంచుమీద నిలకడగా ఉన్న సెట్టింగు ఎండాకాలంలో కంప్యూటరును ఆపేసి నీలి తెర చూపిస్తుంది. హైదరాబాదులో ఓవర్‌క్లాకింగ్ సెట్టింగులను ఖరారు చేయవలసిన కాలం మే నెలే. అప్పుడు నిలబడినది సంవత్సరమంతా నిలబడుతుంది.

ఇక ఆ చిన్న ఫ్యాను. దాన్ని తీసివేసి నడిపినప్పుడు, అదే రోహిణి కార్తె మధ్యాహ్నం, బోర్డు సెన్సరు వీఆర్ఎం ఉష్ణోగ్రతను 95కు పైగా చూపింది. ఫ్యానును పెట్టి పూర్తి వేగంతో తిప్పినప్పుడు అది 80ల మొదట్లో ఆగింది. పన్నెండు, పదమూడు డిగ్రీల ఈ తేడా కాగితం మీద చిన్నదిగానే కనిపించవచ్చు. కానీ బోర్డుల మీద వాడే సాలిడ్ పాలిమర్ కెపాసిటర్ల ఆయువు ప్రతి 20 డిగ్రీల తగ్గుదలకు దాదాపు పదిరెట్లవుతుందని వాటి తయారీదారులు ఇచ్చే లెక్కతో చూస్తే, ఆ పన్నెండు డిగ్రీలే ఆయువును సుమారు నాలుగు రెట్లు చేస్తాయి. నా బోర్డు విషయంలో అంతకన్నా ప్రత్యక్షమైన లాభం, వేగం పడిపోవడం పూర్తిగా ఆగిపోవడం. ఖరీదైన బోర్డుల్లో పదహారు, పద్దెనిమిది ఫేజులు, అంటే వీఆర్ఎంలో కరెంటు అందించే శాఖలు, ఉంటే కరెంటు పంచుకోబడి వేడి ముందే తక్కువగా ఉంటుంది గనుక, అక్కడ ఈ ఫ్యాను చూపగల తేడా స్వల్పం. విచిత్రమేమంటే, ఈ ఫ్యాను అవసరం చవక బోర్డు కొన్నవారికే ఎక్కువ, వారేమో సాధారణంగా ఇంత కూలరు కొనరు.

ఫ్యాను గరిష్ఠ వేగం నిమిషానికి 2,500 చుట్లు. ఆ వేగంలో సన్నటి కీచు వినిపిస్తుంది గాని, 140 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నప్పుడు, ఆపైన కిటికీ కూలరు హోరులో, అది చెవికి సోకదు. రాత్రి పూట నిశ్శబ్దంలో మాత్రం తెలుస్తుంది. దీనికి తయారీదారులు మంచి ఏర్పాటే చేశారు: పెట్టెలో రెండు రకాల కేబుళ్లు ఉంటాయి. ఒకదానితో పంపు, పెద్ద ఫ్యాన్లు, చిన్న ఫ్యాను అన్నీ ఒకే తీగ మీద నడుస్తాయి. మరొకదానితో మూడింటినీ విడివిడిగా బోర్డుకు కలపవచ్చు. బిగించడం తేలిక కాబట్టి అందరూ మొదటిదానికే మొగ్గుతారు. నేను రెండోదే వాడమంటాను. చిన్న ఫ్యానును బోర్డు మీది ప్రత్యేక హెడరుకు కలిపి, బోర్డు సెట్టింగులుండే బయాస్‌లో దాని వేగాన్ని ప్రాసెసరు ఉష్ణోగ్రతకు కాక వీఆర్ఎం వేడిని కొలిచే మాస్ సెన్సరుకు ముడిపెడితే, వీఆర్ఎం 65 డిగ్రీలు దాటనంత వరకు అది నెమ్మదిగా తిరుగుతుంది. బయాస్‌లో ఆ సెన్సరును ఎంచుకునే వీలు అన్ని బోర్డుల్లోనూ ఉండదు కాబట్టి కొనేముందు బోర్డు మాన్యువల్‌లో చూసుకోవాలి.

నీళ్ల కూలరు పక్కన ఎలక్ట్రానిక్ వస్తువులు ఉంచవచ్చా అని చాలామంది అడుగుతారు. ద్రవ కూలరు భాగాలేవీ గది గాలి కన్నా చల్లబడవు కాబట్టి వాటి మీద చెమ్మ పట్టే అవకాశం లేదు. ఆ తడిగాలి గది ఉష్ణోగ్రతను కొన్ని డిగ్రీలు తగ్గిస్తుంది గనుక ప్రాసెసరుకు లాభమే. నష్టం దుమ్ము రూపంలో వస్తుంది: తేమతో కలిసిన దుమ్ము రేడియేటరు రెక్కల మధ్య అట్టకట్టి, బ్లోయరుతో ఊదినా ఒకపట్టాన రాదు. 38 మిల్లీమీటర్ల మందపు రేడియేటరులో లోతు ఎక్కువ కాబట్టి ఈ సమస్య ఇంకా ఎక్కువ. నగరంలో ఏదో ఒక వైపు నిర్మాణం సాగుతూనే ఉంటుంది గనుక, జాలీలను తరచుగా కడుక్కోవడానికి సిద్ధపడాలి.

ఈ ఫ్యాను గాలి ఎక్కడిదాకా చేరుతుందో కూడా చెప్పాలి. సాకెట్‌కు ఎడమవైపు, పైవైపు ఉన్న వీఆర్ఎం వరకే దాని ప్రభావం. గ్రాఫిక్స్ కార్డు వెనుకవైపు వేడి తగిలే మొదటి ఎం.2 స్లాటులోని ఎస్ఎస్‌డీకి దానివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. దానికి బోర్డుతో వచ్చిన లోహపు పలకను వాడడం, ముందు ఫ్యాన్ల గాలి అక్కడికి చేరేలా కేబుళ్లను సర్దడం తప్ప వేరే దారి లేదు. చిప్‌సెట్ గురించి దిగులు అక్కర్లేదు. జెడ్690 వాడుకునేది 6 వాట్లే.

ఓవర్‌క్లాకింగ్ చేయని వారికి ఈ కూలరు అనవసరం. థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ వంటి రెండు గోపురాల గాలి కూలరు ఇంతకన్నా చాలా తక్కువ ధరకు వస్తుంది, కారిపోయే ద్రవమూ చెడిపోయే పంపూ అందులో ఉండవు, దాని ఫ్యాన్ల గాలిలో కొంత వీఆర్ఎం మీదుగానే పోతుంది. ఓవర్‌క్లాకింగ్ చేస్తూ, మధ్యరకం బోర్డు ఉండి, క్యాబినెట్‌లో 65 మిల్లీమీటర్ల చోటున్నవారికి మాత్రం ఆరేళ్ల వారంటీతో వచ్చే ఈ కూలరును నిస్సంకోచంగా సూచిస్తాను. దీపాల వెలుగులు కోరుకోనివారు ఏ-ఆర్‌జీబీ లేని నల్ల రకాన్ని తీసుకుంటే ధరలో కొంత మిగులుతుంది. చల్లబరచడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.