మాదాపూర్‌లో రెండో అంతస్తు మీద అలాస్కా

ముందే చెప్తున్నాను, ఈ సెంటర్ పేరు రాయడం లేదు. కింద మెచ్చుకోలూ ఉంది, ఫిర్యాదులూ ఉన్నాయి. అప్పు తెచ్చి షాపు పెట్టుకున్న కుర్రాళ్ళ పొట్ట కొట్టడం నాకు ఇష్టం లేదు. మాదాపూర్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళే దూరం. కింద బిర్యానీ పాయింట్, పైన ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే తెరల ముందు కూర్చుని విమానం నడిపే ఆట. మెట్లెక్కుతుంటే మసాలా వాసన, తలుపు తీస్తే ఏసీ చలి.

నేను బేగంపేటలో ఒక ఫ్లయింగ్ క్లబ్ హ్యాంగర్‌లో ఇరవై ఆరేళ్ళు మెకానిక్‌గా పనిచేశాను. విమానం నడపడం రాదు. విప్పడం, బిగించడం వచ్చు. ఎక్కువగా పుష్పక్‌లు అనే చిన్న శిక్షణ విమానాలు చూసేవాణ్ణి: 90 హార్స్‌పవర్ ఇంజన్, ఇద్దరు పట్టే సీట్లు, గుడ్డ కప్పిన రెక్కలు. ఎనిమిదో తరగతి చదివే మా మనవడు పుట్టినరోజుకి సిమ్యులేటర్ కావాలన్నాడు కాబట్టి ప్రకాశ్‌నగర్‌లో మెట్రో ఎక్కి వెళ్ళాం.

గంటకి 2,500 రూపాయలు. పక్కన ఊరికే కూర్చుని చూసేవాళ్ళకి 300. ఈ 300 నాకు నచ్చలేదు. నా కుర్చీ ప్లాస్టిక్‌ది, మంచినీళ్ళ సీసాకి మళ్ళీ వేరే బిల్లు. బుకింగ్ పది నిమిషాలు ఆలస్యంగా మొదలైంది కానీ ఆ పది నిమిషాలూ చివర్లో కలిపి ఇచ్చారు. ఇది రాయకపోతే తప్పు.

మేం తీసుకున్నది 'బుష్ ప్లేన్' ప్యాకేజీ. రన్‌వే సరిగ్గా లేని చోట, అడవిలో, చెరువు మీద, మంచు మీద దిగే చిన్న విమానాల్ని బుష్ ప్లేన్లు అంటారు. చాలావాటికి ఇంజన్ ఒక్కటే. ఈ ప్యాకేజీలో ముందు నేపాల్ కొండల్లోని లుక్లాలో దిగడం నేర్పిస్తారు, ఆ తర్వాత చరిత్రలో జరిగిన మూడు ప్రమాదాల్లో మనల్ని కూర్చోబెడతారు. ప్రమాదాన్ని ఆటగా పెట్టడమేంటి అని నాకు మొదట్లోనే ఒక గుంజాటన ఉంది. అది పూర్తిగా పోలేదు.

యంత్రం సంగతి. మూడు పెద్ద తెరలు, యోక్ అనే స్టీరింగ్, ఇంజన్ వేగం మార్చే థ్రాటిల్, కాళ్ళ దగ్గర తోక చుక్కానిని (రడ్డర్) తిప్పే పెడల్స్. తెర మీద కాక్‌పిట్ మాత్రం అచ్చం డి హావిలండ్ బీవర్‌దే. 1947లో కెనడాలో మొదటిసారి ఎగిరిన విమానం అది, 450 హార్స్‌పవర్ రేడియల్ ఇంజన్, ఇప్పటికీ అలాస్కాలో పనిచేస్తోంది. దాని ఇంజన్ ఆయిల్ పోసే మూత కాక్‌పిట్ లోపలే ఉంటుంది, గాల్లో ఉండగానే ఆయిల్ పోసుకోవచ్చు. తెర మీద ఆ మూత పసుపు రంగులో కనబడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నొక్కి చూశాను, తెరుచుకోలేదు. బొమ్మే. నేర్పించే అబ్బాయిని అడిగితే "అదేంటో నాకూ తెలీదు అంకుల్" అన్నాడు. తెలియనిది తెలియదని చెప్పేవాళ్ళంటే నాకు గౌరవం.

లుక్లా బాగుంది. 527 మీటర్ల రన్‌వే, ఏటవాలుగా పైకి ఎక్కుతుంది, చివర కొండ గోడ. మావాడు రెండుసార్లు గోడకి కొట్టి మూడోసారి దింపాడు. ఎడమ పెడల్ ఒకవైపు ఒరిగి లటలటలాడుతోందని అప్పుడే గమనించాను.

మొదటి ప్రమాదం 1935 ఆగస్టు 15, అలాస్కా ఉత్తర కొసన పాయింట్ బారో. పైలట్ వైలీ పోస్ట్. ఒంటి కన్నుతో, ఒంటరిగా భూమి చుట్టూ తిరిగి వచ్చిన మొదటి మనిషి, 1933లో. పక్కన విల్ రోజర్స్, అప్పట్లో అమెరికా మొత్తాన్ని నవ్వించినవాడు. రెండు వేరు వేరు లాక్‌హీడ్ విమానాల భాగాలు కలిపి కట్టించుకున్న విమానం. ఒకదాని ఒళ్ళు, ఇంకోదాని రెక్కలు, కింద నీళ్ళ మీద దిగడానికి పెద్ద ఫ్లోట్లు. దాంతో ముందు బరువు పెరిగిపోయింది. బండికి ముందు బరువు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద నొక్కుతుంది చూడండి, అలా. ఇంజన్ తిరుగుతున్నంతసేపు ప్రొపెల్లర్ గాలి తోక మీద కొడుతూ ముక్కుని పైకి ఎత్తి ఉంచుతుంది. ఇంజన్ ఆగితే ఆ గాలి పోతుంది, ముక్కు కిందకి వాలుతుంది. పొగమంచులో దారి తెలియక ఒక మడుగులో దిగి, అక్కడి వేటగాళ్ళని బారో ఎటు అని అడిగి, మళ్ళీ లేచారు. లేస్తూనే ఇంజన్ ఆగింది. ఇద్దరూ పోయారు. చూసినవాళ్ళలో ఒకతను పరుగెత్తుకుంటూ బారో దాకా వెళ్ళి కబురు చెప్పాడు.

సిమ్యులేటర్‌లో ఇది చాలా బాగా చేశారు. ముక్కు బరువు చేతికి తెలుస్తుంది. మావాడు నాలుగుసార్లు లేచాడు, నాలుగుసార్లూ నీళ్ళలో పడ్డాడు. ఐదోసారి కాసేపు ఆలోచించి థ్రాటిల్ వెనక్కి లాగేసి, మడుగు మధ్యలో విమానాన్ని ఆపి కూర్చున్నాడు. "పొగమంచు పోయాక వెళ్దాం తాతయ్యా" అన్నాడు. తెర మీద ఎర్ర అక్షరాలు: మిషన్ ఫెయిల్డ్. నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు అక్కడ చేయాల్సిన ఒకే ఒక్క మంచి పని వాడు చేస్తే ఫెయిల్ అంటుందా! కిందకి దిగాక వాడికి ఒక డబ్బా ఉస్మానియా బిస్కెట్లు కొనిచ్చాను, యంత్రం ఇవ్వని మార్కులు నేనిచ్చాను.

రెండోది 1929 ఏప్రిల్, ఆస్ట్రేలియా. కింగ్స్‌ఫర్డ్ స్మిత్ అనే పేరున్న పైలట్ విమానం తప్పిపోయింది. అతని పాత భాగస్వామి కీత్ ఆండర్సన్, మెకానిక్ బాబ్ హిచ్‌కాక్ కలిసి వెస్ట్‌లాండ్ విజన్ అనే చిన్న విమానంలో వెతకడానికి బయల్దేరారు. దాని పేరు కూకబరా. టనామీ ఎడారి మీద ఇంజన్ పుష్‌రాడ్ దగ్గర వదులై మొరాయించింది, ఏప్రిల్ 10న దిగారు. జాగ్రత్తగానే దిగారు. ఇంజన్ కూడా బాగుచేసుకున్నారు. కానీ మెత్తటి నేల, చుట్టూ పొదలు. లేవడానికి దారి చేసుకోవాలని పొదలు నరికారు, కాల్చారు. వల్ల కాలేదు. నీళ్ళు కొంచెమే ఉన్నాయి. ఆండర్సన్ తోక రడ్డర్ గుడ్డ మీద రాసిపెట్టిన నాలుగు ముక్కలే వాళ్ళ డైరీ. దాహంతో ఇద్దరూ చనిపోయారు. వాళ్ళు వెతకబోయిన మనుషులు ఏప్రిల్ 12నే ప్రాణాలతో దొరికారు. కూకబరా మిగిలిన ముక్కల్ని 1978లో డిక్ స్మిత్ అనే ఆస్ట్రేలియా వ్యాపారి మళ్ళీ కనిపెట్టాడు, ఇప్పుడు ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఉంచారు.

దీన్ని వీళ్ళు ఆటగా ఎలా పెట్టారంటే, ఇంజన్ ఆగుతుంది, మీరు ఎడారిలో దింపాలి. మావాడు దింపాడు. వెంటనే ఆకుపచ్చ అక్షరాలు, చప్పట్ల శబ్దం: మిషన్ సక్సెస్! ఆ కథ మొదలయ్యేదే అక్కడ. ఆ అబ్బాయికి కథంతా చెప్పాను. పాపం, నోరు తెరిచి విన్నాడు. "కంపెనీవాళ్ళు పంపిన ప్యాకేజీ అంకుల్, మేం మార్చలేం" అన్నాడు. హిచ్‌కాక్ మెకానిక్ కావడం వల్లనేమో, నాకు ఆ చప్పట్లు ఇంకా చెవిలో గుచ్చుకుంటున్నాయి.

మూడోది 2017 డిసెంబర్ 31, సిడ్నీకి ఉత్తరాన జెరూసలేం బే. నీళ్ళ మీద నుంచి లేచిన బీవర్, కొండల మధ్య తిరగకూడని వైపు తిరిగి నీళ్ళలో పడింది. పైలట్, ఒక బ్రిటిష్ కుటుంబంవాళ్ళు ఐదుగురు, ఎవరూ మిగల్లేదు. పైలట్‌కి 10,000 గంటలకి పైగా అనుభవం. మరి ఎందుకు పడింది? మూడేళ్ళ తర్వాత ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ తేల్చింది: కార్బన్ మోనాక్సైడ్. ఇంజన్ ఎగ్జాస్ట్‌లో పగుళ్ళు. ఆ పొగ ఇంజన్ గదిలో చేరింది. ఇంజన్‌కి, మనుషులు కూర్చునే చోటుకి మధ్య ఫైర్‌వాల్ అనే రేకు గోడ ఉంటుంది. దాని మీద మాగ్నెటోలు (ఇంజన్‌కి నిప్పురవ్వ ఇచ్చేవి) చూడటానికి చిన్న మూతలుంటాయి. ఆ మూతలకి మూడు బోల్టులు లేవు. ఉన్నవి అరిగిపోయాయి. ఆ రంధ్రాల్లోంచి విషం లోపలికి వచ్చింది. వాసన లేదు, రంగు లేదు. లోపల ఒక గుర్తు పట్టీ ఉండేది, కార్బన్ మోనాక్సైడ్ తగిలితే రంగు మారే రకం. అది ఎండకి వెలిసిపోతుంది కాబట్టి నమ్మడానికి లేదు.

ఇది చదివిన రాత్రి నేను నిద్రపోలేదు. మాకూ ఒక రాత్రి ఉంది. 1980ల్లో ఒక సాయంత్రం పుష్పక్ కౌలింగ్, అంటే ఇంజన్ మీది రేకు తొడుగు, మూసి, ఫతేనగర్‌లో ఇంటికెళ్ళి చొక్కా విప్పితే జేబులోంచి నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ ఒకటి కిందపడింది. ఎక్కడిదో గుర్తులేదు. తెల్లారి ఆరింటికి ఆ విమానంలో ఒక స్టూడెంట్ ఎగరాలి. సైకిలేసుకుని వెనక్కి వెళ్ళాను, వాచ్‌మన్‌ని బతిమాలి హ్యాంగర్ తీయించి, టార్చి నోట్లో పెట్టుకుని కౌలింగ్ మళ్ళీ విప్పాను. ప్రతి పిన్నూ దాని చోట ఉంది. జేబులోది ఎక్స్‌ట్రా. మా ఆవిడ రాత్రి పన్నెండున్నరకి చల్లారిపోయిన అన్నం పెడుతూ ఒక్క మాట కూడా అడగలేదు. ఆ పిన్ ఇప్పటికీ మా దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన ఉంది.

సిమ్యులేటర్‌లో ఇదే ప్రమాదం ఎలా ఉంటుందంటే, తెర అంచులు నెమ్మదిగా నల్లబడతాయి. కిటికీ తెరిచే బటన్ నొక్కితే బతుకుతారు. మావాడు నొక్కాడు, బతికాడు. కానీ అసలు ప్రమాదంలో తప్పు పైలట్ చేతిలో లేదండీ. బోల్టులు లేని సంగతి ఆయనకి కనబడదు, తల తిమ్మిరెక్కుతోందన్న సంగతి ఆ తలకే తెలియదు. ఆరుగురు పోయి ఎన్నేళ్ళో కాలేదు, వాళ్ళవాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ ఒక్కటి తీసేయమని వాళ్ళకి చెప్పాను. కావాలంటే దీని బదులు లుక్లా ఇంకోసారి పెట్టండి.

గోడ మీద ఫోటోలు, చిన్న వివరాలు ఉన్నాయి. ఆటల కన్నా నాకు ఆ గోడ నచ్చింది. 2023 మేలో కొలంబియా అడవుల్లో పడిన సెస్నా 206 గురించి మావాడు అక్కడే నిలబడి చదివాడు. పెద్దవాళ్ళు ముగ్గురూ పోగా నలుగురు పిల్లలు 40 రోజులు అడవిలో బతికారు. పెద్దమ్మాయికి 13 ఏళ్ళు, అంటే మావాడి వయసు. మొదట్లో కర్రపెండలం పిండి తిన్నారట. "సగ్గుబియ్యం చేసేది దాంతోనే కదా తాతయ్యా" అన్నాడు. పక్కనే 2010 అలాస్కా ప్రమాదం. సెనేటర్‌గా నలభై ఏళ్ళు చేసిన టెడ్ స్టీవెన్స్‌తో కలిపి ఐదుగురు పోయారు, నలుగురు మిగిలారు. పడిన చోటు చెప్పే రేడియో పరికరం దెబ్బకి దాని పట్టీలోంచి ఊడి, యాంటెన్నా నుంచి విడిపోయి, ఒక్క సిగ్నల్ కూడా ఎవరికీ అందలేదు. 2009 సెప్టెంబర్‌లో నల్లమల వైపు చూస్తూ మనం టీవీల ముందు కూర్చున్న రాత్రి గుర్తొచ్చింది. ఈ పరికరం గురించి గోడ మీద ఒక్క లైనే ఉంది. నేనైతే గోడంతా రాసేవాణ్ణి.

వెళ్ళదలిచినవాళ్ళకి: పొద్దున పదకొండు స్లాట్ తీసుకోండి, సాయంత్రం ఆఫీసు కుర్రాళ్ళ రద్దీ. స్వెట్టర్ పట్టుకెళ్ళండి. కారు వద్దు, పార్కింగ్ దొరకదు. పదేళ్ళ లోపు పిల్లలకి పెడల్స్ అందవు. బారో తప్పకుండా ఆడండి, ఎగరకుండా గెలవొచ్చేమో ప్రయత్నించండి. అందరూ అలాగే చేస్తే కంపెనీవాళ్ళు ఆ ఎర్ర అక్షరాలు మారుస్తారేమో. ఐదుకి మూడున్నర. ఆ అబ్బాయి మర్యాదకి ఇంకో అర కలపొచ్చు.

వచ్చేముందు ఎడమ పెడల్ చూపించి స్పానర్ ఉందా అని అడిగాను. "రేపు సర్వీస్ వాళ్ళొస్తారు అంకుల్" అన్నాడు. తర్వాత స్లాట్ వాళ్ళు అప్పటికే బయట బెంచీ మీద కూర్చున్నారు. కింద బిర్యానీ పాయింట్ ముందు బైక్ ఆపుకున్న ఒకాయన టూల్ కిట్‌లో పదమూడో నంబర్ దొరికింది. మావాడు టార్చి పట్టాడు, ఈసారి నోట్లో పెట్టుకోవాల్సిన పని లేదు. బోల్టు రెండు చుట్లు తిరిగింది. కుడి పెడల్ చూడటానికి టైం ఇవ్వలేదు.