పాత ఆల్బమ్‌లు పట్టుకుని కొత్త ఊళ్లు: బ్రిటన్‌లో ఆరు రోజులు

“బావగారూ, పదకొండేళ్లుగా నాటింగ్‌హామ్‌లో ఉంటున్నాను. చూడటానికని మ్యాన్స్‌ఫీల్డ్ వెళతానన్న మనిషిని మిమ్మల్నే చూశాను” అన్నాడు మా బావమరిది. అతని మాటలో తప్పేమీ లేదు. బ్రిటన్ వెళ్లినవాళ్లు లండన్ చూస్తారు, ఎడిన్‌బరో చూస్తారు, ఓపిక ఉంటే స్టోన్‌హెంజ్ రాళ్ల దాకా వెళతారు. నేను మాత్రం వీసా ఫీజు కట్టి, ఉన్న సెలవులన్నీ ఊడ్చిపెట్టి వెళ్లింది ముప్పై ఏళ్ల కిందటి నాలుగైదు క్లబ్బు సంగీతపు ఆల్బమ్‌ల కోసం.

1997లో ఇంజనీరింగ్ హాస్టల్లో మా సీనియర్ దగ్గర ఒక క్యాసెట్ ఉండేది. దాని మీద పెన్సిలుతో ‘లండన్’ అని తప్ప ఇంకేమీ రాసి లేదు. పల్లవి ఎక్కడో, చరణం ఎక్కడో తెలియని ఆ సంగీతం పరీక్షల ముందు రాత్రుళ్లు మా గదిలో తిరుగుతూనే ఉండేది. అది లెఫ్ట్‌ఫీల్డ్ అనే సంగీత జంట 1995లో తెచ్చిన ‘లెఫ్టిజం’ అని తెలియడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఆ బాణీకి ప్రోగ్రెసివ్ హౌస్ అని 1992లో మిక్స్‌మ్యాగ్ పత్రికలో డామ్ ఫిలిప్స్ పేరు పెట్టాడు. అమెరికా నుంచి వచ్చిన హౌస్ అనే డ్యాన్స్ సంగీతపు తాళాన్ని తీసుకుని, దాని కింద జమైకా డబ్ సంగీతంలోని బరువైన బేస్‌ను పరిచి, పాటను ఎనిమిది పది నిమిషాలు సాగదీసి, ఒక్కో వాద్యాన్నీ తొందర లేకుండా లోపలికి పిలవడం దాని పద్ధతి. మన కచేరీలో రాగాలాపన అలవాటైన చెవికి ఆ నిదానం కొత్తేమీ కాదు. తాళం మాత్రం మొదటి క్షణం నుంచే ఉంటుంది, అంతే తేడా.

లండన్‌లో బస ఈస్ట్ హామ్‌లో. నగరం మధ్యకు అరగంట పైనే ప్రయాణం కాబట్టి చాలామంది వద్దంటారు, నేను వెళ్లమంటాను. గది అద్దె తక్కువ, రాత్రి పదింటికి కూడా వేడివేడి దోసె దొరుకుతుంది. స్నానాల గది ఎంత ఇరుకంటే తలుపు తీయాలంటే ముందు సింకు మీదికి ఒరగాలి. అయినా దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు ఆగకుండా వచ్చాయి. రాత్రికి 62 పౌండ్లు. ఆ నగరంలో ఆ డబ్బుకు ఇంతకంటే ఆశించకూడదు.

అక్కడి నుంచి రామ్‌ఫర్డ్ దగ్గర. అండర్‌వరల్డ్ అనే సంగీత బృందం వాళ్ల ఊరు. 1994 జనవరిలో వచ్చిన వాళ్ల ఆల్బమ్ ‘డబ్‌నోబేస్‌విత్‌మైహెడ్‌మ్యాన్’ను ఫోనులో పెట్టుకుని ఆ బజారులో ఒక గంట తిరిగాను. ఆ బృందం గాయకుడు కార్ల్ హైడ్ వీధుల్లో, రైళ్లలో జనం అనుకునే మాటల ముక్కలను నోటుపుస్తకంలో రాసుకుని వాటితోనే పాటలు కడతాడు. కూరగాయల బండి దగ్గర ఒకావిడ ఫోనులో ఎవరినో తిడుతుంటే అది కూడా పాటలో భాగమేనేమో అనిపించింది. తర్వాతి కాలంలో వాళ్లకు ప్రపంచమంతా పేరు తెచ్చిన పాట ‘బార్న్ స్లిప్పీ’ ఇక్కడి పందెం కుక్కల మైదానంలో పరుగెత్తిన ఒక కుక్క పేరు. ఈ ఊళ్లో చూడటానికి ఇంతకు మించి లేదు, ఒక పూట చాలు.

బ్రిక్స్‌టన్ అకాడమీని బయటి నుంచే చూశాను. 1929లో సినిమా హాలుగా కట్టిన భవనం. 1996లో లెఫ్ట్‌ఫీల్డ్ ఇక్కడ వాయించినప్పుడు బేస్ దెబ్బకు పైకప్పు పెచ్చులు ఊడి జనం మీద పడ్డాయి. ‘లెఫ్టిజం’ ఇప్పుడు వింటే నాకు మధ్యలో ఒకటి రెండు పాటలు పాతబడ్డట్టే అనిపిస్తాయి. కానీ మొదటి పాట ‘రిలీజ్ ద ప్రెషర్’లో బేస్ లోపలికి వచ్చే చోటు మాత్రం ఇంకా ఛాతీ మీద చెయ్యేసి నెడుతుంది. హాస్టల్లోని ఆ చిన్న టేప్ రికార్డర్‌లో మేము విన్నది ఈ పాట నీడ మాత్రమే.

మూడో రోజు హేస్టింగ్స్‌కు బయలుదేరాం, అప్పటికి మా బావమరిది కూడా లండన్ వచ్చి కలిశాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇద్దరు కలిసి తిరిగేవాళ్లకు టూ టుగెదర్ అనే రైల్‌కార్డు ఉంది, టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది. అయితే పనిదినాల్లో ఉదయం తొమ్మిదిన్నర లోపు అది చెల్లదు. ఈ సంగతి చదవకుండా మేము తొమ్మిది గంటల పన్నెండు నిమిషాల రైలుకు ఉరుకులు పరుగుల మీద వెళ్లి, గేటు దగ్గర ఆగిపోయి, అరగంట కాఫీ తాగుతూ నిలబడ్డాం. కాఫీలకు అయిన ఖర్చుతో తగ్గింపులో సగం పోయింది.

హేస్టింగ్స్ డీజే జాన్ డిగ్‌వీడ్ ఊరు. క్లబ్బుల పేర్లు దేశమంతా తెలియని రోజుల్లో అతను ఇక్కడ ఒడ్డు నుంచి సముద్రంలోకి చొచ్చుకుపోయే వంతెన (పియర్) మీద పార్టీలు నడిపాడు. 1872 నాటి ఆ వంతెన 2010లో కాలిపోయింది. 2016లో మళ్లీ తెరిచారు, మరుసటి ఏడాది దానికి భవన నిర్మాణాలకిచ్చే స్టర్లింగ్ బహుమతి వచ్చింది. హాళ్లు కిక్కిరిసి ఉండే చోట ఇప్పుడు ఖాళీ చెక్కనేల, గాలి, ఇద్దరు ముసలివాళ్లు, వాళ్ల కుక్క. దిగులుగా ఉంటుందనుకుని వెళ్లాను, కానీ లేదు. పాత ఊరి ఒడ్డున జాలరులు వలలు దాచుకునే నల్లటి చెక్క గుడిసెలు మూడంతస్తుల ఎత్తున, సన్నగా, ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉంటాయి. ఈ యాత్ర మొత్తంలో నేను ఎక్కువ ఫొటోలు తీసింది వాటినే.

అక్కడి గెస్ట్‌హౌస్ నాకు నచ్చింది. మూడో అంతస్తు, నిటారు మెట్లు, లిఫ్టు లేదు, కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే కింది గది అడగాలి. తెల్లవారుజామున నాలుగింటికే సీగల్ పక్షులు కిటికీ మీద పంచాయతీ పెడతాయి. అయితే మేము శాకాహారులమని చెప్పగానే ఇంటావిడ మరో మాట లేకుండా పుట్టగొడుగులు, టమాటాలు వేయించి, ఇంకో రెండు రొట్టెముక్కలు కాల్చి పెట్టింది. 70 పౌండ్లు ఇద్దరికీ కలిపి. మళ్లీ వెళితే అక్కడే దిగుతాను.

ఇక మ్యాన్స్‌ఫీల్డ్. 1992 మార్చిలో జెఫ్ ఓక్స్ ఇక్కడి వెన్యూ 44లో రెనెసాన్స్ అనే క్లబ్బు రాత్రిని మొదలుపెట్టాడు. బొగ్గు గనులు ఒక్కొక్కటే మూతపడుతున్న ప్రాంతంలో, ఇటలీ చిత్రకళ పేరు పెట్టుకున్న క్లబ్బు! అక్కడ వాయించే డీజే సాషా. డిగ్‌వీడ్ క్యాసెట్ ఒకటి ఓక్స్ చేతికి వచ్చి, సాషా విని మెచ్చుకోవడంతో అతనూ వచ్చి చేరాడు. ఇద్దరూ కలిసి 1994లో ‘రెనెసాన్స్: ద మిక్స్ కలెక్షన్’ చేశారు, మూడు సీడీలు. ఆనాటి ప్రోగ్రెసివ్ హౌస్ ఎక్కువగా పన్నెండంగుళాల రికార్డుల మీద, ఒక్కో పాటగా వచ్చేది. డీజేలు పాటలను ఒకదానిలోకి ఒకటి కలిపి చేసిన మిశ్రమాలు దొంగ క్యాసెట్లుగా సంతల్లో అమ్ముడయ్యేవి. హక్కులు కొని, పేర్లు వేసి, మూడు డిస్కుల నిండా ఒక రాత్రి నడకను దుకాణంలో పెట్టడం అప్పటికి పెద్ద సాహసం.

నాటింగ్‌హామ్ నుంచి రాబిన్ హుడ్ లైను రైలెక్కితే గంటలోపే చేరాం. పెట్టెలో మాతో కలిపి తొమ్మిది మంది. అప్పుడు మా బావమరిది ఫోనులో ఏదో చదివి, “బావగారూ, ఈ స్టేషన్ తెరిచింది 1995లోనట” అన్నాడు. నిజమే. 1964లో పోయిన ప్రయాణికుల రైలు ఈ ఊరికి మళ్లీ వచ్చింది 1995లో. అంటే రెనెసాన్స్ మొదలైన నాడు ఇక్కడికి రైలే లేదు! లివర్‌పూల్ నుంచి, లండన్ నుంచి కుర్రకారు కార్లలో కుక్కుకుని, దారి పొడవునా క్యాసెట్లు వింటూ వచ్చింది ఈ ఊరికే. ఆ మిక్స్ ఎందుకంత తీరిగ్గా మొదలవుతుందో నాకు అక్కడ తెలిసింది. గంటల తరబడి కారులో కూర్చుని వచ్చినవాళ్లను కూర్చోబెట్టి పలకరిస్తున్నట్టు ఉంటుంది అది.

ఊరి మధ్యలో పాత రాతి రైలు వంతెన ఇళ్ల కప్పుల మీదుగా పోతుంది. సంతమైదానంలో బెంటింక్ స్మారకం, దాని చుట్టూ నాలుగైదు దుకాణాలు. పబ్బు పైన తీసుకున్న గది 48 పౌండ్లు. పరుపు మధ్యలో పల్లం, కింద పదకొండింటి దాకా క్విజ్ పోటీ. మా ఇద్దరినీ బలవంతాన ఒక జట్టులో కూర్చోబెట్టారు. క్రికెట్ ప్రశ్న ఒక్కటి వచ్చింది, దానితో మా మర్యాద నిలబడింది. వెన్యూ 44 గురించి అడిగితే కౌంటర్ వెనకాయన గ్లాసు తుడవడం ఆపేసి, “అక్కడే మా ఆవిడ పరిచయం” అన్నాడు. అరగంట మాట్లాడాడు. ఆరు రోజుల్లో ఏ మ్యూజియంలోనూ నాకు అంత దొరకలేదు.

ఆదివారం లాంగ్టన్ వెళ్లడం మా తెలివితక్కువ. పట్టాల మరమ్మతులని రైలు బదులు బస్సు వేశారు, అది ప్రతి ఊరినీ పలకరించుకుంటూ పోయింది. 1990, 91లో సాషా వాయించిన షెల్లీస్ లేజర్‌డోమ్ క్లబ్బు ఈ ఊళ్లోనే ఉండేది. దాని కోసమే అయితే రావద్దు. కుమ్మరి పరిశ్రమ చూపించే గ్లాడ్‌స్టన్ మ్యూజియం కోసం రావచ్చు. సీసా ఆకారంలో ఉన్న ఆ ఇటుక ఆవం లోపలికి వెళ్లి తలెత్తి చూస్తే పైన నాణెమంత ఆకాశం.

మాంచెస్టర్‌లో ఖర్చు ఎక్కువ, సంతృప్తి తక్కువ. స్టేషన్ దగ్గరి హోటల్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందని గదికి 140 పౌండ్లు తీసుకుంది. కిటికీ తెరుచుకోదు, హీటర్ ఆగదు, ఫిర్యాదు చేస్తే ఒక ఫ్యాన్ తెచ్చి పెట్టారు. మ్యాచ్ తేదీలు చూసుకోకుండా ఈ ఊళ్లో గది తీసుకోవద్దు. 1982 నుంచి 1997 దాకా నడిచిన హాసియెండా క్లబ్బు చోట అదే పేరుతో అపార్ట్‌మెంట్లు లేచాయి. ముందు నుంచి చూసి వెనక్కి రావద్దు, పక్క సందులోంచి కాలువ గట్టు మీదికి వెళ్లండి. భవనం వెనకవైపు లోహపు పలకల మీద క్లబ్బు చరిత్రను ఏడాది వారీగా చెక్కారు. వర్షపు నీళ్లు అక్షరాల్లో నిలిచి ఉన్నాయి. ఒకతను వాటిని చూడనైనా చూడకుండా సైకిలు తాళం తీసుకుని వెళ్లిపోయాడు.

ఓల్డ్‌హామ్ స్ట్రీట్‌లోని పాత రికార్డుల దుకాణంలో 1996 నాటి ‘నార్తర్న్ ఎక్స్‌పోజర్’ దొరికింది, రెండు కాఫీల ధరకు. సాషా, డిగ్‌వీడ్‌ల చేతిపనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఉత్తరం ఒక డిస్కు, దక్షిణం ఒక డిస్కు. నా దగ్గర ఇప్పటికే ఉంది కాబట్టి మా బావమరిదికి ఇచ్చాను. ఇంట్లో సీడీ పెట్టేది లేదని, పాత కారులో మాత్రమే ఉందని కాస్త మొహమాటంగా తీసుకున్నాడు.

నేను హైదరాబాద్‌లో దిగి ఫోను తెరిచేసరికి అతని సందేశం ఉంది: “బావగారూ, ఆఫీసు వచ్చేసింది. పాట ఇంకా మొదలవలేదు.”