దారపు రీళ్ళకి గోడ స్టాండా, మూత డబ్బానా?

జాకెట్లు కుట్టేవాళ్ళకి సరైన రంగు దారం దొరకడమే సగం పని. గోడకి కొట్టిన మేకుల చెక్క మీద రీళ్ళన్నీ వరసగా కనిపిస్తాయి. చీర అంచు పక్కన పెట్టి చూస్తే చాలు, వంకాయ రంగుకీ నేరేడు రంగుకీ తేడా తెలిసిపోతుంది. దుమ్ము మాత్రం తప్పదు. గుడ్డ నూగు దారానికి అంటుకుని, మిషన్‌లో బిగువు సరిచేసే బిళ్ళల మధ్య చేరుతుంది. ఇక కుట్టు ఒకచోట వదులు, ఒకచోట బిగుతు. ఎండ పడేచోట పెడితే పైపొర వెలిసిపోతుంది, నూలు దారమైతే పుటుక్కున తెగుతుంది కూడా.

మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాకి ఈ గొడవ లేదు. అరలున్నదే కొనండి, లేకపోతే కొసలన్నీ కలిసి పిచ్చుక గూడే! కొసని రీలు అంచున ఉండే గాటులో దూర్చాలి. రబ్బరు బ్యాండు వద్దు, వేసవిలో కరిగి దారానికి అతుక్కుంటుంది. వానాకాలం చెమ్మ లోపల చిక్కుకోకుండా అప్పుడప్పుడూ మూత తీసి ఆరనివ్వాలి.

ఎప్పుడో ఓసారి ఫాల్ కుట్టుకునే ఇంటికి డబ్బానే మేలు. రోజూ మిషన్ తొక్కేవాళ్ళు స్టాండే పెట్టుకుని, పని అయ్యాక పాత చీర ముక్క తెరలా దించేస్తే సరి.