వాల్వు రేడియో వైరింగ్: పీవీసీ స్లీవా, టెఫ్లాన్ స్లీవా?
పాత వాల్వు రేడియో (ట్రాన్సిస్టర్ల బదులు వేడెక్కే గాజు గొట్టాలతో నడిచేది) విప్పితే వైర్ల మీద రబ్బరు వేలు తగిలితేనే పొడిగా రాలిపోతుంది, దాని కింద 200 వోల్టులకు పైగా డీసీ నడిచే రాగి (ప్లగ్గు తీసినా, ఛార్జ్ నిల్వ ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లో అది మిగిలి ఉంటుంది, మీటరుతో చూసి లేదని తేలాకే చెయ్యి పెట్టండి). కొత్త తొడుగుకి పీవీసీ స్లీవ్ చవక, ఎక్కడైనా దొరుకుతుంది, రంగులూ బోలెడు. కానీ మామూలు పీవీసీ 70 డిగ్రీల సెల్సియస్ వరకే. సోల్డరింగ్ చేస్తుంటేనే వెనక్కి ముడుచుకుపోతుంది, వాల్వుల పక్కన ఏళ్ల తరబడి వేడెక్కితే బిరుసెక్కి పగులుతుంది.

టెఫ్లాన్ 260 డిగ్రీల దాకా నిక్షేపంగా ఉంటుంది, సోల్డరింగ్ ఐరన్ కాస్త తగిలినా చెక్కుచెదరదు. ధర మాత్రం చురుక్కుమంటుంది. పైగా మెత్తటిది, ఛాసీ (భాగాలన్నీ బిగించే లోహపు చట్రం) రేకు అంచుకి గట్టిగా ఒత్తుకుని ఉంటే మెల్లగా పక్కకి జరిగి పల్చబడుతుంది, అందుకే రంధ్రంలో రబ్బరు గ్రామెట్ (అంచుని కప్పే రింగు) పెట్టాల్సిందే.

నా లెక్కయితే వాల్వు సాకెట్లు, రెక్టిఫైయర్ (ఏసీని డీసీగా మార్చేది), వేడెక్కే రెసిస్టర్ల దగ్గర టెఫ్లాన్. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్పీకర్‌కి వెళ్లే వైర్లకి పీవీసీ చాలు. ఇన్సులేషన్ టేపు చుట్టి సరిపెట్టేవాళ్లూ ఉన్నారు, వేడికి జిగురు కారి ఊడొస్తుంది, దాని జోలికి వెళ్లొద్దు.