సర్కిల్ సంభాషణ: కుర్చీలు గుండ్రంగా వేస్తే సరిపోదు

బృందంలో ఏదైనా విషయం పీటముడి పడినప్పుడు అందరినీ గుండ్రంగా కూర్చోబెడతారు. ఒక వస్తువు చేతులు మారుతూ ఉంటుంది, అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. సర్కిల్ అంటే ఇంతే. దీని మూలాలు ఉత్తర అమెరికా ఆదివాసీ సమాజాల్లో ఉన్నాయి. 1992లో కెనడాలోని యూకాన్‌లో న్యాయమూర్తి బారీ స్టూవర్ట్ శిక్ష ఖరారు చేసే విచారణను ఇలా వలయంలో నడిపాక, కోర్టులూ దీనివైపు చూడటం మొదలుపెట్టాయి. మూగనోము పట్టిన బృందం చేత మాట్లాడించడంలో ఇది దిట్ట. నిర్ణయాల దగ్గరికొచ్చేసరికి నత్తనడక.

ముందు గది సంగతి. మధ్యలో బల్ల వద్దు. బల్ల ఉంటే చేతులు దాని కిందకీ, చూపులు ఫోన్లలోకీ పోతాయి. 12 మందికైతే కుర్చీకీ కుర్చీకీ 75 సెంటీమీటర్ల లెక్కన వలయం అడ్డం సుమారు 3 మీటర్లు వస్తుంది. వెనక నడవడానికి చోటు కూడా ఉండాలంటే 5 మీటర్ల గది కావాలి. రానివాళ్ల కుర్చీలు తీసేయండి. చేతులు మారే వస్తువు, అదే టాకింగ్ పీస్, గుప్పిట్లో పట్టేదిగా ఉంటే చాలు: నున్నటి రాయో, చెక్కముక్కో. పెన్ను ఇస్తే టిక్కుటిక్కుమనిపిస్తూ కూర్చుంటారు. మైకు ఇస్తే ఉపన్యాసం మొదలవుతుంది.

చాలామంది బోల్తాపడేది టైము దగ్గర. మనిషికి 3 నిమిషాలనుకుంటే 12 మందికి ఒక రౌండుకే 36 నిమిషాలు. మూడు రౌండ్లకు 108. మొదట్లో పలకరింపులకూ చివర్లో ముగింపుకూ 20 కలపండి, రెండు గంటలు దాటింది. గంటలో తేల్చేద్దామని 20 మందిని కూర్చోబెడితే ఒక్క రౌండుతోనే సరి. మొదటి రౌండులో అందరూ మర్యాద మాటలే చెబుతారు. అసలు సంగతి రెండో రౌండులోగానీ బయటికి రాదు. అందుకే మనుషుల్ని తగ్గించండి, రౌండ్లను మాత్రం తగ్గించొద్దు.

సర్కిల్ నిలబడేదీ కూలేదీ ప్రశ్న దగ్గరే. ‘కొత్త షిఫ్టు పద్ధతి ఉంచాలా, తీసేయాలా?’ అని అడిగారంటే అక్కడికక్కడే రెండు జట్లు తయారవుతాయి. ‘పని ఎందుకు ఆలస్యమవుతోంది?’ అంటే గుమ్మడికాయల దొంగ సామెతే, అందరూ భుజాలు తడుముకుంటారు. ‘కొత్త షిఫ్టు వచ్చాక మీ రోజులో ఏం మారింది?’ అని అడిగి చూడండి. దానికి ఎవరి జవాబు వాళ్లదే, కాదనడానికి పక్కవాడికి సందు దొరకదు. ‘మనం ఏం చేయగలం?’ అన్నది మూడో రౌండు ప్రశ్న. దాన్ని ముందుకు లాగితే చేతికొచ్చేవి పై పై పరిష్కారాలే.

మొదట మాట్లాడేవాళ్ల మాట ఎంత పొడవుంటే మిగతావాళ్లదీ అంతే ఉంటుంది. సర్కిల్‌ను నడిపే హోస్టు మొదట మాట్లాడుతూ ఆరు నిమిషాలు తీసుకుంటే పన్నెండో మనిషి వంతు వచ్చేసరికి గంట దాటిపోతుంది. పైఅధికారి ఉంటే వస్తువు ఆయనకు చివర్లో అందేలా కూర్చోబెట్టాలి. ఆయన ముందు మాట్లాడితే తర్వాత వినిపించేవి చిలకపలుకులే. వస్తువు అందగానే మాట్లాడకుండా పక్కవాళ్లకు ఇచ్చేసే హక్కు అందరికీ ఉంటుంది. ఈ మాట మొదట్లోనే గట్టిగా చెప్పాలి. అలా వదిలేసినవాళ్లను రౌండు చివర ఇంకోసారి అడిగితే చాలు, బలవంతం వద్దు.

హోస్టు కాక మరొకరు గార్డియన్‌గా ఉండాలి. చేతిలో చిన్న గంట ఉంటుంది. మాట వేడెక్కినా, దారి తప్పినా గంట కొడతారు. అందరూ ఆగుతారు. పదిహేను సెకన్ల మౌనం, మళ్లీ గంట, ఎందుకు కొట్టారో ఒక్క వాక్యంలో చెప్పడం. చూడ్డానికి నాటకంలా ఉంటుంది గానీ, తగువు ముదిరేముందు ఆ పదిహేను సెకన్లు చేసే పని ఏ సర్దిచెప్పడమూ చేయలేదు.

నిర్ణయం కావాలంటే వస్తువును పక్కన పెట్టి, ప్రతిపాదనను కాగితం మీద రాసి బొటనవేళ్లు అడగండి. పైకి చూపితే సమ్మతి, అడ్డంగా పెడితే సందేహం, కిందకి చూపితే ‘ఇలాగైతే కుదరదు’ అని. వేలు అడ్డంగా పెట్టినవాళ్లను అడగకుండా ముందుకెళితే వారం తిరక్కుండా అదే గొడవ మళ్లీ తలెత్తుతుంది.

బయటి నిర్వాహకుణ్ణి పిలిచేటట్టయితే ఒక్క ప్రశ్న వేయండి: ‘సర్కిల్‌కు ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారా?’ అవసరం లేదన్నారంటే ఆ సేవ వద్దు. వేధింపులు, హింస ఉన్న చోట ఈ ముందస్తు మాటలు లేకుండా బాధితులనూ బాధపెట్టినవాళ్లనూ ఎదురెదురుగా కూర్చోబెట్టడం ప్రమాదం. పైవాళ్లు ఎప్పుడో తేల్చేసిన విషయానికి ‘అభిప్రాయ సేకరణ’ అంటూ సర్కిల్ పెట్టడం ఇంకో తప్పు. జనం దాన్ని ఇట్టే పసిగడతారు, తర్వాత నిజమైన సర్కిల్‌కు పిలిచినా నోరు విప్పరు.

ఆన్‌లైన్‌లోనూ నడుస్తుంది, ఎనిమిది మంది దాటకపోతే. తెర మీద ఎవరి పక్కన ఎవరున్నారో ఒక్కొక్కరికి ఒక్కోలా కనిపిస్తుంది కాబట్టి పేర్ల వరుసను ముందే చాట్‌లో పెట్టాలి. మాట ముగించినవాళ్లు తర్వాతి పేరు పైకి పలకాలి.