తలకు గోరింటాకు పొడి: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

తలకు గోరింటాకు పెట్టుకుందామనుకుంటున్నాం, ఏది కొనమంటావు అని ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఒక్కటే: ప్యాకెట్ వెనక ఏం రాసుందో చదివారా? ముందువైపు ఆకుల బొమ్మ, ‘హెర్బల్’, ‘నేచురల్’ అన్న మాటలు అన్నిటి మీదా ఉంటాయి. లోపల ఉన్నది ఉత్త ఆకు పొడా, లేక ఆకు పొడిలో రసాయనం కలిపిన డైయా అన్నది మాత్రం వెనక చిన్న అక్షరాల్లోనే తేలుతుంది. నేను ఏళ్లుగా వాడుతున్నది ఉత్త ఆకు పొడి. ఈ సమీక్ష దాని గురించే. నాకు బాగా నచ్చింది, ఇంకా వాడతాను. కానీ రెండోదాన్ని కూడా జనం ‘హెన్నా’ అనే పిలుస్తున్నారు కాబట్టి దాని గురించి చెప్పకుండా ఇది పూర్తి కాదు.

నేను కొనేది రాజస్థాన్ నుంచి వచ్చే సోజత్ పొడి. పాలీ జిల్లాలోని ఆ ఊరి చుట్టుపక్కల వానాధారంగా పండే గోరింటాకుకు ఎప్పటినుంచో పేరుంది, 2021లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. హైదరాబాద్‌లో మా నల్లకుంట కిరాణా షాపుల్లో దొరికేవి ఎక్కువగా రంగురంగుల పెట్టెల్లో ఉండే రకాలు. అందుకే బేగంబజార్ వెళ్తాను. అక్కడ ఎండుమూలికలు, కుంకుడుకాయలు, సీకాయ అమ్మే దుకాణాల్లో పొడి విడిగానూ దొరుకుతుంది, సీలు వేసిన ప్యాకెట్లలోనూ దొరుకుతుంది. సీలు వేసి, తయారీ తేదీ ఉన్నదే తీసుకుంటాను. పావుకిలో వంద రూపాయలకు అటూ ఇటూ పడుతుంది. నా భుజాల దాకా ఉండే జుట్టుకు ఒకసారికి వంద గ్రాములు సరిపోతుంది. పార్లర్‌లో ఒకసారి రంగు వేయించుకునే డబ్బుతో ఇంట్లో చాలా నెలలు గడిచిపోతాయి.

కొత్త దుకాణంలో కొన్నప్పుడు మాత్రం తలకు పెట్టే ముందు పరీక్షిస్తాను. మంచి పొడి ఆకుపచ్చగా మెరిసిపోదు, కాస్త మట్టి కలిసినట్టు, ఎండు మునగాకు రంగుకు దగ్గరగా ఉంటుంది. మరీ పచ్చగా కనబడితే అనుమానమే. గాజుగ్లాసులో నీళ్లు పోసి ఒక చెంచా పొడి వేసి కదపకుండా వదిలేస్తాను. రంగు కలిపిన పొడి అయితే నీళ్లు వెంటనే చిక్కటి ఆకుపచ్చకు తిరుగుతాయి. ఇసుక కలిస్తే అడుగున గరుకుగా తేరుకుంటుంది, వేలితో నలిపితే తెలిసిపోతుంది. తర్వాత నిమ్మరసం చుక్కలతో చిటికెడు పొడి కలిపి, కాసేపు నానాక అరచేతిలో రూపాయి బిళ్లంత పెడతాను. ఐదు పది నిమిషాలకు తుడిస్తే లేత నారింజ మచ్చ పడాలి. మచ్చ నల్లగా పడిందా, ఆ ప్యాకెట్ తలదాకా పోదు. వాసన కూడా చూడండి. ఎండుగడ్డి, తేయాకు కలిసినట్టుండే వాసన తప్ప, ముక్కుకు ఘాటుగా కొట్టేది ఏదీ రాకూడదు.

ఎందుకంటే గోరింటాకు నలుపునివ్వదు. ఆకులో రంగునిచ్చే పదార్థం పేరు లాసోన్. ఎండిన ఆకులో అది సుమారు ఒకటి రెండు శాతం ఉంటుంది. వెంట్రుకలో ఉండే కెరాటిన్ అనే ప్రొటీన్‌కు అది పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. దాని రంగు నారింజ, ఎరుపు మధ్య ఉంటుంది. తెల్ల వెంట్రుక మీద అదే రంగు తేలుతుంది, నల్ల వెంట్రుక మీద ఎండలో నిలబడితే తప్ప తెలియని ఎర్రటి మెరుపు వస్తుంది. ఉన్న నలుపును ఇది తీసేయదు, కొత్త నలుపునీ తేదు. కడిగిన రోజు నా చెంపల దగ్గర తెల్ల వెంట్రుకలు బాగా నారింజగా కనబడతాయి. రెండు మూడు రోజుల్లో గాలి తగిలి అదే రంగు ముదిరి ఇటుక ఎరుపుకు, అక్కణ్నుంచి గోధుమకు దగ్గరగా వస్తుంది. అందుకే ఎక్కడైనా పెళ్లి ఉంటే ముందురోజు కాదు, మూడు నాలుగు రోజుల ముందే పెట్టుకుంటాను. అరగంటలో నల్లగా చేస్తానని చెప్పే ‘హెన్నా’ ఏదైనా ఆ పని ఆకుతో చేయడం లేదు.

మా వదిన దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటుంది. ఆమె కొన్నది చిన్న సాచెట్, పైన గోరింటాకు కొమ్మ, పక్కన నల్లటి జుట్టు బొమ్మ. చాలా నెలలు ఏ ఇబ్బందీ లేకుండా వాడింది. ఒకసారి మాత్రం పెట్టుకున్న మర్నాడు చెవుల వెనక, నుదుటి మీద దురద మొదలైంది. ఆ మర్నాటికి కనురెప్పలు వాచి ఒక కన్ను తెరవడానికే రాలేదు. మాడు మీద నీటిపొక్కులు, రసి. చర్మ డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లాను. ‘నువ్వు పెట్టుకునేదే కదా నేనూ పెట్టుకున్నది’ అని దారి పొడుగునా అంటూనే ఉంది. సాచెట్ డాక్టరుకు చూపిస్తే వెనక ఒక పేరు మీద వేలు పెట్టారు: పారా ఫినైలిన్ డయమీన్. దాన్నే పీపీడీ అంటారు. తగ్గాక వీపు మీద ప్యాచ్ టెస్ట్, అంటే అనుమానమున్న పదార్థాన్ని చర్మానికి అంటించి చూసే పరీక్ష చేస్తే దానికే అలర్జీ అని ఖాయమైంది.

ఈ అలర్జీ మొదటి వాడకంలోనే రావాలని లేదు. ఒంటికి ఆ పదార్థం పదేపదే తగిలాక ఎప్పుడో ఒకసారి తిరగబడుతుంది. తిరగబడిందంటే ఇక జన్మంతా ఉంటుంది. వదిన ఇప్పుడు నల్ల డైలన్నిటికీ దూరం. దంతాల డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ అలర్జీ ఉందని ముందే చెబుతుంది, ఎందుకంటే పీపీడీకి పడనివాళ్లలో కొందరికి బెంజోకైన్ లాంటి మత్తుమందులూ పడవు. చిన్నప్పటినుంచి ఆషాఢంలో చేతులకు పెట్టుకున్న ఆకే కదా, ఏమవుతుంది అన్న నమ్మకంతోనే ఆమె ఆ సాచెట్ కొన్నది. ఆ నమ్మకం ఆకు సంపాదించుకున్నది. దాన్ని పెట్టుబడిగా పెట్టుకుని ఇంకోటి అమ్మడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

కాబట్టి వెనక చదవాల్సిన పేర్లు ఇవి. పీపీడీ, లేదా పారా ఫినైలిన్ డయమీన్. దాంతోపాటు తరచూ కనబడే బేరియం పెరాక్సైడ్. ఎరుపు రంగు పెంచడానికి కలిపే సోడియం పిక్రమేట్. వీటిలో ఏదున్నా అది డై. డై వాడటం తప్పని నేననను, తెలిసి వాడటం వేరు, ఆకు అనుకుని వాడటం వేరు. మన దేశంలో ఇలాంటి డైల మీద చర్మానికి పడకపోవచ్చనీ, ముందు పరీక్షించుకోమనీ, కనుబొమలకూ రెప్పలకూ వాడితే చూపు పోవచ్చనీ హెచ్చరిక వేయాలని నిబంధన ఉంది. ఆ హెచ్చరిక కనబడితే మీ చేతిలో ఉన్నది ఏమిటో అర్థమైపోతుంది. అసలు లోపల ఏముందో రాయని ప్యాకెట్ అయితే ఉచితంగా ఇచ్చినా నేను ముట్టను. అచ్చమైన ఆకు పొడికి అలర్జీ చాలా అరుదు. అయినా కొత్త ప్యాకెట్ తెచ్చిన ప్రతిసారీ చెవి వెనకో మోచేతి మడతలోనో కాస్త పెట్టి రెండు రోజులు ఆగుతాను. వదిన కూడా అలా చూసుకున్నాకే, డాక్టరును అడిగి, నా పొడికి మారింది. ఆమెకు ఇంతవరకు ఏమీ కాలేదు.

ఇక కలిపే సంగతి. గోరువెచ్చటి టీ డికాషన్‌లో సగం నిమ్మకాయ పిండి, పెరుగు చిక్కదనం వచ్చేలా పొడి కలుపుతాను. కాస్త పులుపు ఉంటే లాసోన్ నిదానంగా బయటికి వస్తుంది. నిమ్మరసం మరీ ఎక్కువైతే మాడు మంట, జుట్టు బిరుసు, అందుకే సగం చాలు. హైదరాబాద్ ఎండాకాలంలో మూడు నాలుగు గంటలకే ముద్ద పైభాగం గోధుమ రంగుకు తిరుగుతుంది, లోపల ఇంకా పచ్చగానే ఉంటుంది. అదే గుర్తు. డిసెంబరు చలిలో మాత్రం రాత్రంతా ఉంచాల్సిందే. అమ్మ ఇనుప మూకుట్లోనే కలపమంటుంది. ఇనుముతో కలిస్తే రంగు కొంచెం ముదురుగా వస్తుంది, నిజమే. నేనైతే పింగాణీ గిన్నెలోనే కలుపుతాను, కారణం తర్వాత చెబుతాను. పెరుగు, గుడ్డు వేయడం మానేశాను. రంగు పలచబడటం, వాసన పట్టుకోవడం తప్ప నాకు వాటితో ఒరిగింది లేదు.

నూనె లేని, తలంటుకున్న జుట్టుకే పెట్టాలి. నూనె ఉంటే రంగు పట్టదు. పాయలు తీసి కుదుళ్ల నుంచి పట్టించడం ఓపికతో కూడిన పని, వెనక భాగానికి ఎవరో ఒకరు సాయం చేస్తేనే సరిగ్గా వస్తుంది. నుదుటి అంచున, చెవుల మీద కొబ్బరినూనె రాసుకుంటే మరకలు పడవు. గ్లోవ్స్ తప్పనిసరి. బాత్‌రూమ్‌లో తెల్ల టైల్స్ మధ్య గీతల్లో పడితే వెంటనే కడగాలి, ఆరితే పోదు. రెండు మూడు గంటలు ఉంచితే చాలు. జలుబు తత్వం ఉన్నవాళ్లు చలికాలం సాయంత్రాలు పెట్టుకోకపోవడమే మంచిది, తడి ముద్ద మాడు మీద గంటలకొద్దీ ఉంటే తలనొప్పి పట్టుకుంటుంది.

కడగడమే అసలు కష్టం. మొదటి బకెట్‌లో తల ముంచి వేళ్లతో విప్పితే నీళ్లు బురదగా వస్తాయి, రెండో దాంట్లో ఇసుక లాంటి నలుసులు, ఆ తర్వాతే టీ రంగుకు తేరుకుంటాయి. ఆ రోజు షాంపూ పెట్టను, మర్నాడూ పెట్టను. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. వాటితో కడిగితే జుట్టు కొబ్బరిపీచు లాగా తయారవుతుంది. చివరి బకెట్ మాత్రం నల్లా నీళ్లు పట్టి ఉంచుకుంటాను, తేడా చేతికే తెలుస్తుంది. ఆరాక కొసలకు కొబ్బరినూనె రాస్తాను. ఇంత చేసినా మొదటి వారం జుట్టు పొడిగానే ఉంటుంది. అది ఈ పొడికి ఉన్న లోపం, దాచాల్సిన పని లేదు. అందుకే ఇప్పుడు ప్రతిసారీ మొత్తం జుట్టుకు పెట్టడం లేదు. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, కొత్తగా వచ్చిన ఆ తెల్ల కుదుళ్లకు మాత్రమే పట్టిస్తున్నాను. కొసలకు ఎప్పుడో పట్టిన రంగు ఇప్పటికీ పోలేదు.

ఫలితం అంటారా, వెంట్రుక కాస్త మందంగా, చేతికి నిండుగా తగులుతుంది, మెరుపు వస్తుంది. జుట్టు ఊడటం దీనివల్ల తగ్గిందని మాత్రం చెప్పలేను. థైరాయిడో రక్తహీనతో ఉంటే దానికి వైద్యం చేయించుకోవాలి, ఆకు ముద్దతో పోదు. చుండ్రు విషయంలోనూ అంతే. మాడు చల్లగా అనిపించడం వేరు, జబ్బు నయమవడం వేరు.

నలుపే కావాలనుకునేవాళ్లకు రసాయనం లేని దారి ఒకటుంది: నీలి ఆకు (ఇండిగో) పొడి. ముందు గోరింటాకు పెట్టి కడిగేసి, ఆపైన నీలి ఆకు పొడిని నీళ్లలో చిటికెడు ఉప్పుతో కలిపి, పది పదిహేను నిమిషాలకే పట్టించాలి. దీంట్లో నిమ్మకాయ పడకూడదు, నానబెట్టి ఉంచకూడదు, దాని బలం త్వరగా పోతుంది. గంట తర్వాత కడిగితే మొదట పచ్చటి ఛాయ కనబడి కంగారు పుడుతుంది, ఒకటి రెండు రోజుల్లో ముదురు గోధుమ నలుపుకు తిరుగుతుంది. వదిన ఇదే చేస్తోంది. పూటంతా పడుతుంది, ఆదివారం దానికే కేటాయిస్తుంది. ఇక్కడా వెనక చదవడం తప్పదు, ‘నీలి’ పేరుతోనూ పీపీడీ కలిపినవి వస్తున్నాయి.

పింగాణీ గిన్నె సంగతి ఇది. గోరింటాకు పట్టిన జుట్టుకు తర్వాత పార్లర్‌లో బ్లీచ్ చేయించాలంటే చిక్కు. పొడిలో లోహ లవణాలు కలిసి ఉంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలినప్పుడు జుట్టు వేడెక్కి పాడయ్యే ప్రమాదం ఉంది. ఇనుప మూకుడు వల్ల చేరేది కొంచెమే కావచ్చు, అయినా ఆ టెన్షన్ నాకెందుకు? బ్లీచ్ కానీ స్ట్రెయిటెనింగ్ కానీ చేయించుకునే ఆలోచన ఉన్నవాళ్లు గోరింటాకు వాడామని పార్లర్‌లో ముందే చెప్పి, ఒక పాయ మీద ప్రయత్నించమని అడగాలి. కాలేజీ అమ్మాయిలకైతే ఈ మాట నేను మరీ మరీ చెబుతాను, ఎందుకంటే ఒకసారి పట్టిన రంగు జుట్టు పెరిగి కత్తిరించేదాకా వదలదు.

జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లు, ముఖ్యంగా పసిపిల్లలు, అచ్చమైన గోరింటాకుకు కూడా దూరంగా ఉండాలి. చర్మం ద్వారా ఒంట్లోకి చేరిన లాసోన్ వాళ్లలో ఎర్ర రక్తకణాలను విరిచేసి ప్రాణం మీదికి తెచ్చిన కేసులున్నాయి. ఇంట్లో ఎవరికైనా ఈ లోపం ఉందని డాక్టరు చెప్పి ఉంటే, బారసాలకో పండక్కో పాప అరికాళ్లకు పెట్టడం కూడా మానుకోవాలి. మాడు మీద పుండ్లు, గాట్లు ఉన్నప్పుడు ఎవరూ పెట్టుకోకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లు పొడి ఎగరకుండా, ముక్కుకు గుడ్డ కట్టుకుని కలపాలి.

మిగిలిన పొడిని తడి తగలని డబ్బాలో, వెలుతురు పడకుండా ఉంచండి. ఏడాది దాటితే పొడి గోధుమ రంగుకు తిరిగి పట్టు తగ్గుతుంది. కలిపిన ముద్ద మిగిలితే మూతపెట్టి ఫ్రీజర్‌లో పెడతాను, చెంపల దగ్గర తెలుపు కనబడినప్పుడు చిన్న ముక్క తీసి, బయట కరిగించి పెట్టుకుంటాను. డబ్బా మీద పేరు మాత్రం రాసి పెట్టండి, చూడటానికి అచ్చం గోంగూర ముద్దలాగే ఉంటుంది.