ట్రక్ ఉద్యోగాల అప్లికేషన్లు నింపిపెడతామనే వాళ్లకు డబ్బు కట్టేముందు జాగ్రత్త

డల్లాస్ చుట్టుపక్కల సీడీఎల్ (ట్రక్కులు నడపడానికి కావాల్సిన కమర్షియల్ లైసెన్సు) తీసుకుని ట్రక్ ఉద్యోగం వెతుక్కుంటున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. "పది కంపెనీలకు మేమే అప్లై చేస్తాం, ఓరియెంటేషన్ (కంపెనీలో చేరేటప్పుడు ఇచ్చే శిక్షణ) దాకా మా బాధ్యత" అన్న ఒకాయనకు 450 డాలర్లు కట్టాను. ఆ డబ్బుతోపాటు చేతికొచ్చిన ఉద్యోగం కూడా పోయింది.

రెండేళ్ల కిందట అమరిల్లో దగ్గర ఐ-40 మీద ట్రాఫిక్ ఆగితే నేనూ ఆగాను. వెనక నుంచి ఒక పికప్ వచ్చి నా ట్రైలర్‌ను గుద్దింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు కానీ పికప్‌ను టో చేయాల్సి వచ్చింది. పోలీసులు జరిమానా టికెట్ కూడా ఆ పికప్ అతనికే రాశారు. ఈ సంగతంతా మొదటిరోజే ఆయనకు చెప్పాను. "తప్పు నీది కానప్పుడు అది నీ లెక్కలోకి రాదు తమ్ముడూ, రాస్తే ఎవరూ ఫోన్ కూడా చెయ్యరు" అన్నారు. యాక్సిడెంట్లు ఉన్నాయా అన్నచోట 'లేవు' అని టిక్ పెట్టి లింక్ పంపారు. నేను చదవకుండానే ఫోన్‌లో సంతకం పెట్టేశాను.

ఓరియెంటేషన్ రెండోరోజు మధ్యాహ్నం భోజనానికి వెళ్లబోతుంటే సేఫ్టీ ఆఫీసులోకి పిలిచారు. అక్కడి మేడమ్ టేబుల్ మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టారు. ఒకటి నా అప్లికేషన్, ఇంకొకటి నా పీఎస్పీ రిపోర్టు, అంటే ప్రభుత్వ రికార్డుల్లో నా పేరు మీదున్న క్రాష్‌లు, ఇన్‌స్పెక్షన్ల చిట్టా. రిపోర్టులో ఒక లైను కింద పెన్నుతో గీత గీసి ఉంది: ఆ తేదీ, టెక్సస్, టో. "ముందే రాసి ఉంటే ఇది మాకు సమస్యే కాదు. దాచారు కాబట్టి తీసుకోలేం" అన్నారు. సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాను. ఏజెంటుకు ఫోన్ చేస్తే, "సంతకం పెట్టింది నువ్వే కదా" అన్నారు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు.

రూలు ఏంటో ఆ తర్వాత చదివాను. ఫెడరల్ నిబంధన ప్రకారం గత 3 ఏళ్ల యాక్సిడెంట్లన్నీ అప్లికేషన్‌లో రాయాలి. తప్పు ఎవరిదైనా, సొంత కారులో జరిగినా రాయాల్సిందే. అన్నీ నిజమని చివర సంతకం పెట్టేది మనమే. కొన్ని కంపెనీలు అంతకంటే ఎక్కువ ఏళ్లవి అడుగుతాయి, కాబట్టి ఫారంలో ప్రశ్న ఎలా ఉందో చూసి దానికే జవాబు రాయండి. మన అనుమతితో కంపెనీ తీసే పీఎస్పీలో 5 ఏళ్ల క్రాష్‌లు, 3 ఏళ్ల ఇన్‌స్పెక్షన్లు ఉంటాయి. క్రాష్ అక్కడ కనిపించినంత మాత్రాన తప్పు మనదని కాదు. పాత కంపెనీలను కూడా అడుగుతారు. అంటే దాచినా దాగదు.

అప్లై చేసేముందు మీ పీఎస్పీ మీరే తీసుకోండి, కొద్ది డాలర్లతో అయిపోతుంది. నాలాగా వెనక నుంచి గుద్దించుకున్నవాళ్లు పోలీసు రిపోర్టు జతచేసి, ప్రభుత్వ వెబ్‌సైట్ అయిన డేటాక్యూస్‌లో రివ్యూ అడగొచ్చు. ఆ యాక్సిడెంట్ 'నివారించలేనిది' అని తేలితే ఆ మాట పీఎస్పీలో కూడా చేరుతుంది. ఇలాంటి దారి ఉందని ఆ ఏజెంటు ఒక్కసారి కూడా చెప్పలేదన్నదే నాకు అన్నిటికంటే బాధ.

ఇప్పటికే ఇలాంటివాళ్లకు డబ్బు కట్టి ఉంటే, మీ పేరుతో పంపిన ప్రతి అప్లికేషన్ కాపీ ఈరోజే అడిగి తీసుకోండి. ఎక్కడైనా 'లేవు' అని తప్పుగా ఉంటే, ఓరియెంటేషన్‌కు బస్సు ఎక్కకముందే రిక్రూటర్‌కు ఫోన్ చేసి సరిచేయించుకోండి.